ఫొటోకు కర్త ఎవరు?

మంచి ఫొటో కనబడితే జనం రెండు రకాలుగా మాట్లాడతారు. కొందరు "ఏ కెమెరా?" అని అడుగుతారు. మరికొందరు "కెమెరాదేముంది, అంతా చేతిలో ఉంది" అంటారు. మొదటివారు ఫలాన్నంతా పరికరానికి ధారపోస్తే, రెండోవారు మనిషికి కట్టబెడతారు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, చివరికి దైవం. తానొక్కడే కర్తనని తలచేవాడు ఉన్నదాన్ని సరిగా చూడలేడని కూడా అక్కడే అంటుంది. అధిష్ఠానమంటే దేహమని శంకరాచార్యులు అర్థం చెప్పారు. దాన్ని కొంచెం చాచి, ఆ దేహం నిలబడ్డ నేలనూ ఎండనూ గాలినీ అందులో కలుపుకుంటున్నాను. పరికరానికి సొంత గొప్పతనం లేదని, అది ఏ చోట ఏ పనికి దిగితే అక్కడే దాని యోగ్యత తేలుతుందని నా నమ్మకం. కెమెరా విషయంలో ఆ మాట రుజువు చేయడానికి పశ్చిమ ప్రకాశం ప్రాంతం చాలు.

దొనకొండలో వేసవి మధ్యాహ్నాన్నే తీసుకోండి. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100 పెట్టి, లెన్స్‌ను ఎఫ్ 8కి బిగిస్తే షట్టర్ సెకనులో 400వ వంతు దగ్గర ఆగుతుంది. ఆ అపెర్చర్ దగ్గర ఖరీదైన లెన్స్‌కూ చవక లెన్స్‌కూ తేడా బాగా తగ్గిపోతుంది. వెలుతురు తక్కువైనప్పటి కోసం లక్ష పోసి కొన్న గుణానికి అక్కడ పని లేదు. దూరం సంగతి ఇంకా విడ్డూరం. స్టేషన్ ప్లాట్‌ఫాం చివర నుంచి పట్టాల వెంట గానీ, బ్రిటిష్ కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ మీదుగా గానీ 600 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి చూస్తే, కాలిన నేల మీద లేచే వేడిగాలికి బొమ్మ అలల్లా వణుకుతుంది. వేదాంతులు మిథ్యకు ఉదాహరణగా చూపే ఎండమావిని ఆ లెన్స్ నిజాయితీగానే పట్టి ఇస్తుంది. దీనికి మందు ఇంకా ఖరీదైన గాజు కాదు. తెల్లవారుజామున రావాలి, లేదా నాలుగడుగులు దగ్గరికి నడవాలి.

అలాగైతే పరికరం అప్రధానమే కదా అని రెండో పక్షం వారు సంబరపడవచ్చు. వారు భైరవకోన దాకా రావాలి. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది గుహాలయాలవి. గడప బయట కళ్లు చెదిరే వెలుగు, లోపల చీకటి. అనుమతి ఉండి ట్రైపాడ్ నిలిపితే, రాతి విగ్రహం కదలదు కనుక షట్టర్ రెండు సెకన్లు తెరిచి ఉంచి చవక లెన్స్‌తోనే పని జరుపుకోవచ్చు. అదే చోట హారతి పట్టిన చేయి కదులుతుంటే ఆ రెండు సెకన్లు పనికిరావు. ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోయే లెన్స్ కన్నా ఎఫ్ 1.8 లెన్స్ పదింతలకు దగ్గరగా వెలుగును లోపలికి తెస్తుంది. ఎంత సాధన చేసిన చేయి అయినా ఆ లోటు పూడ్చలేదు. సాధనాన్ని తృణీకరించడం వైరాగ్యంలా కనిపిస్తుంది గానీ, అదీ అహంకారమే.

పరికరానికి తనవైన నమ్మకాలూ ఉంటాయి. కెమెరా మీటరు లోకమంతా సగటున బూడిదరంగులో ఉంటుందనుకుని లెక్క వేస్తుంది. మార్కాపురం పలకల మీద దాన్ని గురిపెడితే నల్లని రాయి బూడిదగా వస్తుంది. ఎక్స్‌పోజర్ తగ్గించి దాని నలుపును దానికి తిరిగి ఇవ్వాల్సింది మనిషే. కొడాక్ వారు ఒకప్పుడు రంగులు సరిచూడటానికి తెల్లజాతి స్త్రీ బొమ్మలున్న 'షర్లీ కార్డులు' ల్యాబ్‌లకు పంపేవారు. నల్లని ముఖాలు ఆ లెక్కలో లేవు. పలకల పనిలో ఇంతకన్నా బరువైన సంగతి ఉంది. రాయి కోసేటప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. వెలుగు ఫొటో తీసేవాడి వెనుక నుంచి పడితే ఆ ధూళి ఫొటోలో దాదాపు కనబడదు. వెలుగు కార్మికుడి వెనుక నుంచి వచ్చేలా నిలబడితే పొగలా బయటపడుతుంది. ఒకే కెమెరా, ఒకే లెన్స్, రెండు సాక్ష్యాలు. సెన్సర్ మీద ధూళి పడుతుందేమోనని లెన్స్ మార్చడానికి జంకేవాడు, ఆ గాలినే రోజంతా పీల్చేవాడి పక్కన నిలబడి ఉన్నానన్నది మరవకూడదు. ఎటు నిలబడాలో కెమెరా చెప్పదు. ఆ బాధ్యతను దాని మీదికి నెట్టలేం.

నల్లమల అడవిలో కెమెరా వెనుక అసలు మనిషే లేడు కదా అని గట్టి ఆక్షేపణ ఒకటి వస్తుంది. మార్కాపురం, గిద్దలూరు అడవులు కూడా చేరిన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం దేశంలోకెల్లా పెద్ద పులుల సంరక్షణ కేంద్రం. అక్కడ చెట్లకు కట్టిన కెమెరాలు జంతువు కదలికను పసిగట్టి వాటంతటవే ఫొటో తీస్తాయి. మరి కర్త ఎవరు? పులి కుడివైపు చారలు ఎడమవైపు వాటిలా ఉండవు గనుక, బాటకు రెండు పక్కలా ఎదురెదురుగా కెమెరాలు బిగించాలని ఎవరో ఆలోచించారు. అడుగుజాడలు వెతికి ఆ బాటను ఎవరో ఎంచుకున్నారు. షట్టర్ నొక్కిన క్షణానికి చాలా ముందే కర్త తన పని చేసి వెళ్లాడు. పులి వస్తుందా రాదా అన్నది మాత్రం అతని చేతిలో లేదు. గీత అయిదో కారణానికి చోటు ఉంచింది ఇందుకే.

చోటే నిర్ణయిస్తుందంటే చోటుకొక లెన్స్ కొనాలా అని అడగవచ్చు. అక్కర్లేదు. పని తెలియనప్పుడే సంచి బరువెక్కుతుంది. దొనకొండలోనో కంభంలోనో పెళ్లి ఫొటోల మీద బతుకుతూ, అప్పు చేసి కొత్త కెమెరా కొనాలనుకుంటున్న యువకులకు నా విన్నపం ఒకటే. ముందు దాన్ని ఒక్కరోజు అద్దెకు తెచ్చుకోండి. మీరు రోజూ పనిచేసే ఎండలో, మీరు పనిచేసే మండపం చీకటిలో వాడి చూడండి. మీ పాత కెమెరా చేయలేనిది అది ఏం చేసిందో కాగితం మీద రాసుకోండి. రాయడానికి ఏమీ లేకపోతే ఆ డబ్బు ఉంచుకోండి.