ఓడినవాడు చెల్లించే ఆట

 

పండుగ సెలవుల్లో ఒక బంధువుల ఇంటికి వెళ్ళాను. అన్నదమ్ముల పిల్లలంతా క్యారమ్ బోర్డు చుట్టూ చేరారు. వారిలో పెద్దవాడు, "ఓడిన జట్టు అందరికీ బిర్యానీ పెట్టాలి" అన్నాడు. అందరూ సరేనన్నారు. నేను ఏదో అనబోతుంటే ఆ ఇంటి దాదీ నవ్వుతూ, "పోనీ బేటా, డబ్బులు పెట్టి ఆడటం లేదుగా" అంది.

నాకు వెంటనే కొన్నేళ్ళ క్రితం జుమా నమాజు తర్వాత మసీదు బయట నిలబడిన ఒక తల్లి గుర్తుకొచ్చింది. ఆమె కొడుకు ఫోనులో రమ్మీ ఆడి మూడు నెలల జీతం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత భార్య గాజులు తాకట్టుకు వెళ్ళాయి. ఆ తల్లి ఏడుస్తూ చెప్పిన మాట ఒక్కటే: "మొదట్లో స్నేహితులతో టీ పందెం కాసేవాడు మౌల్వీసాబ్. మేమే నవ్వి ఊరుకున్నాం."

బిర్యానీ పందెం కాసిన ప్రతి పిల్లవాడూ అలాగే అవుతాడని నేననను. కాని ఆ రెండు ఆటల్లోనూ ఉన్న నియమం ఒక్కటే. అదేమిటో తెలుసుకోవడం మన బాధ్యత.

ఆడేవారికి తెలియని నియమాలు

జూదశాలల్లో రూలెట్ అనే ఆట ఉంది. చక్రం మీద 1 నుంచి 36 వరకు అంకెలుంటాయి. ఒక అంకెపై రూపాయి కాసి గెలిస్తే ఆ రూపాయితో పాటు మరో 35 రూపాయలు ఇస్తారు. న్యాయంగానే ఉందనిపిస్తుంది. కాని ఆ చక్రంపై సున్నా కూడా ఉంటుంది. అంటే మొత్తం గడులు 37. ఎవరైనా అన్ని గడులపైనా తలా ఒక రూపాయి కాస్తే 37 రూపాయలు పెట్టి 36 తీసుకుంటాడు. అమెరికా పద్ధతిలో రెండు సున్నాలుంటాయి. అక్కడ 38 పెట్టి 36 తీసుకోవాలి. ఆటగాడి అదృష్టం ఎలా ఉన్నా, ఆ సున్నా మాత్రం ఎప్పుడూ యజమాని పక్షమే.

బ్లాక్‌జాక్ అనే పేకాటలో ముక్కల విలువ 21 దాటితే ఓటమి. ఆడేవాడూ, పంచేవాడూ ఇద్దరూ 21 దాటితే? సమానమని చాలామంది అనుకుంటారు. కాదు. ఆటగాడు ముందుగా ముక్కలు తీసుకుంటాడు, దాటగానే అతని సొమ్ము పోతుంది. తర్వాత పంచేవాడు దాటినా ఆ సొమ్ము తిరిగి రాదు. లాభమంతా ఆ ఒక్క వరుసక్రమంలోనే దాగి ఉంది.

రమ్మీలో ఇలాంటి సున్నా ఏదీ లేదు. అక్కడ నిర్వాహకుడు ఎవరు గెలిచినా పందెం సొమ్ములోంచి తన వాటా తీసుకుంటాడు. నలుగురు రాత్రంతా ఆడితే నలుగురి సొమ్మూ కరుగుతుంది. కరగనిది ఆ వాటా ఒక్కటే.

పేదలకు పెట్టినా జూదం జూదమే

"గెలిచిన సొమ్ము దానం చేస్తే తప్పేమిటి?" అని కొందరు యువకులు అడుగుతారు. దీనికి జవాబు అజ్ఞాన కాలపు అరబ్బుల చరిత్రలోనే ఉంది.

దివ్యఖుర్ఆన్ జూదాన్ని 'మైసిర్' అంది. ఆనాటి అరబ్బులు ఒంటెను అరువుపై కొని కోసేవారు. మాంసాన్ని వాటాలు వేసేవారు. సంచిలో పది బాణాలుండేవి. వాటిలో ఏడింటికి ఒకటి నుంచి ఏడు దాకా వాటాలుండేవి. మిగిలిన మూడు ఖాళీ బాణాలు. ఎవరి పేరున ఖాళీ బాణం వస్తుందో వారు మాంసం దక్కకపోగా ఒంటె ఖరీదు కూడా భరించాల్సి వచ్చేది. గెలిచినవారేమో ఆ మాంసాన్ని తాము తినక పేదలకు పంచి గొప్పలు చెప్పుకునేవారు. ఈ ఆటలో చేరనివాణ్ణి పిసినారి అని ఎగతాళి చేసేవారు.

చూడండి, కరువు రోజుల్లో పేదవాని కడుపు నిండుతోంది. అయినా అల్లాహ్ దాన్ని అనుమతించలేదు. మద్యం, జూదాలలో ప్రజలకు కొన్ని లాభాలున్నా వాటి పాపం ఆ లాభాలకన్నా చాలా పెద్దదని అల్ బఖరా సూరా 219వ ఆయతు తెలిపింది. ఆ తర్వాత అల్ మాయిదా సూరా 90, 91 ఆయతుల్లో వాటిని షైతాను చేష్టలుగా, అసహ్యకరమైనవిగా పేర్కొని పూర్తిగా దూరంగా ఉండమని ఆజ్ఞాపించడం జరిగింది. కారణం కూడా అక్కడే ఉంది: షైతాను వాటి ద్వారా మన మధ్య విరోధ విద్వేషాలు రేపుతాడు, దైవస్మరణ నుంచీ నమాజు నుంచీ ఆపుతాడు. పేకముక్కలు చేతిలో ఉన్నవాడికి ఇషా అజాన్ వినబడుతుందా? వినబడినా లేవగలడా? ఎవరి మనసును వారు అడగాలి.

చట్టం ప్రశ్న వేరు, షరీఅత్ ప్రశ్న వేరు

"రమ్మీ నైపుణ్యం గల ఆట అని కోర్టే చెప్పింది కదా" అనే వాదన కూడా వింటాం. నిజమే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1960ల చివర్లో సుప్రీంకోర్టు అలా అంది. అయితే ఆ ఆట పందేల నుంచి క్లబ్బు లాభం గడిస్తే అది నేరం కావచ్చని కూడా అదే తీర్పులో ఉంది. ఈ రెండో మాటను ఎవరూ చెప్పరు! తర్వాత ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది.

కాని విశ్వాసి చట్టం దగ్గరే ఆగిపోడు. చట్టం, "ఇది నైపుణ్యమా, అదృష్టమా?" అని అడుగుతుంది. షరీఅత్, "సొమ్ము ఎవరు పెట్టారు? ఎవరిది ఎవరికి పోతుంది?" అని అడుగుతుంది. ఆడే ఇరుపక్షాలూ ఏదో ఒకటి పణంగా పెట్టి, ఓడినవాడు నష్టపోయి గెలిచినవాడు దాన్ని పొందితే, ఆట ఎంత నేర్పుతో కూడినదైనా అది జూదమే. అది డబ్బు కావచ్చు, టీ కావచ్చు, బిర్యానీ కావచ్చు. క్రికెట్ మ్యాచి చూస్తూ ఇద్దరు స్నేహితులు కాసే పందెమూ ఇంతే.

ఆటలన్నీ నిషిద్ధమా?

కానే కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తన సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెంలో పాల్గొన్నారు. ఒకసారి ఆమె గెలిచారు, కొంతకాలానికి మరోసారి ఆయన గెలిచారు (అబూ దావూద్). మదీనాలో గుర్రప్పందేలు నిర్వహించారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) వాటిలో పాల్గొన్నారు (బుఖారీ). ఆరోగ్యానికి, నైపుణ్యానికి, భార్యాబిడ్డల సంతోషానికి ఉపకరించే ఆటకు ఇస్లాం అడ్డుచెప్పదు.

బహుమతి సంగతేమిటి? ఒంటెల పరుగు, గుర్రాల పరుగు, విలువిద్యలకు బహుమతిని దైవప్రవక్త (స) అనుమతించారు. పోటీలో లేని మూడో వ్యక్తి బహుమతి ఇస్తే ఎవరి సొమ్మూ పణంగా ఉండదు గనుక అది పందెం కాదని పండితులు వివరించారు. ఇతర ఆటల బహుమతుల వివరాల్లో వారి మధ్య భేదాలున్నాయి. కాని ఆటగాళ్ళే తలాకొంత వేసి గెలిచినవాడు మొత్తం తీసుకోవడం జూదమన్న విషయంలో సందేహం లేదు.

ఇక పాచికల ఆట. ఆనాడు 'నర్ద్' అనే పాచికల ఆట ఉండేది. దాన్ని ఆడేవాణ్ణి పంది రక్తమాంసాల్లో చేయి ముంచినవానితో దైవప్రవక్త (స) పోల్చారు (ముస్లిం). అందువల్ల పందెం లేకపోయినా పాచికలతో ఆడే ఆటలను ఎందరో పండితులు వారించారు. చదరంగం విషయంలోనూ అభిప్రాయ భేదాలున్నాయి. సందేహమున్న చోట వదిలేయడమే క్షేమం. మన పిల్లలకు ఆటలు కరువా?

తిరిగి వచ్చే దారి

ఈ ఊబిలో దిగినవారు నిరాశ చెందనక్కరలేదు. మనస్ఫూర్తిగా తౌబా చేసుకోవాలి. గెలిచిన సొమ్ము ఎవరిదో తెలిస్తే వారికి తిరిగి ఇవ్వాలి. తెలియకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చి వదిలించుకోవాలి. చేసిన అప్పులు దాచకుండా ఇంట్లో చెప్పాలి. "రా, జూదమాడదాం" అని నోటితో అన్నవాడు సైతం సదఖా ఇవ్వాలని దైవప్రవక్త (స) ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). పిలిచినంత మాత్రానికే సదఖా ఇవ్వాలంటే, ఆడటం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

ఆ రోజు ఆ పిల్లలతో నేను పెద్దగా ఏమీ చెప్పలేదు. "బిర్యానీ నేను పెడతాను. గెలిచినవాళ్ళూ తినండి, ఓడినవాళ్ళూ తినండి. మగ్రిబ్ అజాన్ అవగానే బోర్డు మూసేయాలి, అదే నా షరతు" అన్నాను. ఆట మరింత సందడిగా సాగింది. అజాన్ వినిపించగానే అందరికంటే ముందు ఆ పెద్దవాడే లేచి వజూకు వెళ్ళాడు.

అల్లాహ్ మన సంపాదనను హలాల్‌గా ఉంచుగాక! మన ఇళ్ళను విరోధ విద్వేషాల నుంచి కాపాడుగాక! ఆమీన్.