పెట్టెలోని బొంత

ప్రతి ఇంటిలోను సగంలో ఆగిపోయిన పని ఏదో ఒకటి ఉంటుంది. కొన్ని ఇండ్లలో అది వ్రాతప్రతి, కొన్నింట అల్లిక, మరికొన్నింట పెట్టె అడుగున దాచిన పాతబట్టల మూట. ఆ మూటలో ఒక బొంతకు చాలినన్ని ముక్కలుంటాయి. కొన్ని అతికి ఉంటాయి, కొన్ని విడిగా ఉంటాయి, గుచ్చిన సూది గుచ్చినచోటనే తుప్పుపట్టి ఉంటుంది. పెట్టె తెరచినప్పుడెల్లా ఆ ఇల్లాలి మనస్సులో ఒక ముల్లు కదలుతుంది. ఆ ముల్లు ఎటువంటిది? పట్టిన పని సాధించలేకపోతినన్న అభిమానభంగమా? వ్యర్థమైన శ్రమను గూర్చిన చింతయా? లేక ఎవరికో బాకీపడి ఉన్నానన్న స్మృతియా? ఈ మూడింటిని వేరుచేసి చూడనిదే, మొదలిడిన పనిని ముగించడం ధర్మమా కాదా అన్న ప్రశ్నకు సమాధానం దొరకదు.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి బాంబూఫ్లాట్ తగిన చోటు. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ఎదుట, ఓడరేవుకు ఆవలి ఒడ్డున, దక్షిణ అండమానులో ఉన్న చిన్న పట్టణమది. 1883లో నెలకొల్పిన రంపపుమిల్లుగల చాథం రేవులో పడవ ఎక్కితే కొద్దిసేపటిలో చేరవచ్చును. రోడ్డున పోవలెనంటే అఖాతాన్ని చుట్టి రావలెను. మొదట గ్రేట్ అండమానీయులదైన ఈ నేల 1858 నుండి ఖైదీల వలస అయినది. 1921 మలబారు తిరుగుబాటు తరువాత మాప్పిళాలను ఇక్కడికి పంపినారు. 1949 నుండి తూర్పు బెంగాలు శరణార్థులు వచ్చి ఈ దీవులలో స్థిరపడినారు. ఉత్తరాంధ్ర తీరంనుండి తెలుగువారు బ్రతుకుతెరువుకై వచ్చినారు. 2011 జనాభా లెక్కలలో ఈ ద్వీపసముదాయంలో నూటికి సుమారు 13 మంది తమ మాతృభాష తెలుగు అని చెప్పుకొన్నారు. మలబారువారు తమ కొత్త పల్లెలకు మంజేరి, వండూరు, కాలికట్ అని పాత ఊళ్ల పేర్లే పెట్టుకొన్నారు. విడిచివచ్చిన ఊరినుండి ఒక ముక్క తెచ్చి కొత్త నేలకు అతుకువేసినట్లు ఉన్నది అది.

ఇటువంటి ఊరిలో ఒక తెలుగు ఇల్లాలిని ఊహించుకొందము. అక్కడ చలి లేదు. కాని ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, నెలల తరబడి నేల చెమ్మ ఆరదు. పుట్టబోయే మనుమని కొరకు ఆమె బొంత మొదలిడినది. పాత నేతచీరల మెత్తదనం కొత్తబట్టకు రాదు కదా! పొరుగునున్న బెంగాలీ స్త్రీ తన పుట్టింటి కాంథా పద్ధతిలో సన్నని కుట్లు వేసిన చదరం ఒకటి ఇచ్చినది. మలయాళీ స్త్రీ బంగారురంగు అంచుగల తెల్లని ముండునుండి మరొకటి కత్తిరించి ఇచ్చినది. ఈమె తన తల్లి చీరకొంగునుండి తీసిన ముక్కలను వారిద్దరికి పంచినది. ఏండ్లు గడిచినవి. వారిలో ఒకరు ప్రధానభూమికి తరలిపోయినారు, ఒకరు కన్నుమూసినారు. మనుమడు బడికి పోతున్నాడు. బొంత మాత్రం పెట్టెలోనే ఉన్నది.

ఈమె చేసినది తప్పా? మన సుభాషితకారులు ఈ విషయంలో కఠినులు. విఘ్నభయంచేత పనికి పూనుకోనివారు అధములని, విఘ్నం రాగానే మానినవారు మధ్యములని, ఎన్ని విఘ్నాలు వచ్చినా విడువనివారే ఉత్తములని భర్తృహరి నిర్ణయం. ఏనుగు లక్ష్మణకవి తెలిగించిన ఆ పద్యం బడిలో చదువుకొన్న తెలుగువారికందరికి తెలిసినదే. ఆ కొలతతో ఈమె మధ్యమురాలు కావలెను. కాని ఈమెకు అడ్డువచ్చినది భయం కాదు. జ్వరపడిన బిడ్డ, మంచానపడిన అత్తగారు, పెండ్లి కుదిరిన కూతురు అడ్డువచ్చినారు. ఒకరి సేవ కొరకు ఆపిన పనిని ధైర్యహీనత అనడం న్యాయం కాదు. అదిగాక, ఒంటరిగా మొదలిడిన పనిని ఒంటరిగా విడిచిపెట్టే స్వాతంత్ర్యం మనుష్యునికి ఉండవలెను. అది లేకున్న ఎవరును కొత్త పనికి సాహసించరు. కనుక బొంతలోని ముక్కలన్నీ ఆమెవే ఐతే, ఆ ముల్లు అభిమానానికి సంబంధించినది. దానిని ఆమె పీకి పారవేయవచ్చును.

ముక్కలన్నీ ఆమెవి కావు. చిక్కంతా అక్కడనే ఉన్నది. ఇచ్చిపుచ్చుకోవడంతో లెక్క సరిపోయినది కదా అని వాదించవచ్చును. ఒక చదరం పుచ్చుకొన్నది, ఒకటి ఇచ్చినది, ఇంక బాకీ ఎక్కడిది? అంగడిలో ఈ మాట నిజమే. వెల ఇచ్చి కొన్న సరకును వాడినా పారవేసినా అమ్మినవానికి పట్టదు. కాని చదరం ఇచ్చిన స్త్రీ గుడ్డకు గుడ్డ మార్చుకొనలేదు, ఒక బొంతలో తనకు కాసింత చోటు అడిగినది. 1840 ప్రాంతాల అమెరికాలో, పడమటికి వలసపోయే చెలికత్తెకు బొంత కుట్టి ఇచ్చే స్త్రీలు ఒక్కొక్కరు తమ చదరంమీద సిరాతో పేరు వ్రాసేవారు. మళ్లీ చూడబోమని తెలిసినవారు అడిగిన చోటు అది. అందుచేత ముక్కకు ముక్క చెల్లినా, చోటు ఇచ్చేవరకు మాట చెల్లదు. చోటు అడిగిన మనిషి మరణిస్తే ఆ బాకీ తీరదు సరికదా, మాఫీ చేయగలవారు కూడ ఉండరు.

ముగించకపోవడానికి తీరిక లేకపోవడమొకటే కారణం కాదు. ఒకరి ముక్క కొలతకు చాలదు, ఒకరి కుట్టు వంకర, ఒకరి రంగు వెలిసిపోయినది. అన్నీ సరిచేసి అందంగా కుట్టవలెనన్న కోరికయే తరచుగా పనిని పెట్టెలో పెట్టిస్తుంది. ఇక్కడ బౌద్ధుల ఆచారం ఒకటి స్మరింపదగినది. మగధలో మడులుగా, గట్లుగా తీర్చిన పొలాలను చూపి, చీవరాలను ఆ తీరున అతుకవలెనని బుద్ధుడు ఆనందునితో చెప్పినట్లు వినయపిటకం తెలుపుతుంది. వర్షావాసం ముగిసినపిదప సంఘానికి దానంగా వచ్చిన గుడ్డను భిక్షువులందరు కలిసి కత్తిరించి, కుట్టి, రంగు వేసి, మరునాటి తెల్లవారేలోపల కఠిన చీవరంగా పూర్తిచేయవలెను. గడువు ఒక్క దినమే. దాతకు, ధరించువానికి మధ్య గుడ్డ ఎక్కువకాలం నిలువరాదన్న వివేకం ఆ నియమంలో కనిపిస్తుంది. పరుల దానాన్ని ఇంకా అందంగా చేయాలన్న నెపంతో దాచియుంచుకోవడం కూడ ఒక విధమైన లోభమే.

ఐతే ముగియకుండుటయే ధర్మమైన బొంతలు లేవా? ఉన్నవి. ఎయిడ్స్ వ్యాధితో మరణించినవారి స్మృత్యర్థం అమెరికాలో కుట్టిన బొంతను 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో పరచినప్పుడు అందులో 1,920 ఫలకాలున్నవి. ఒక్కొక్కటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఒక సమాధి పరిమాణం. నేడవి సుమారు 50,000. ఆ బొంతకు అంచు కట్టడమంటే ఇంక ఎవరికిని చోటు లేదనడం. కాని అది పెట్టెలో లేదు. పదిమంది ఎదుట పరచబడి తన పని తాను చేస్తూనే ఉన్నది. అసంపూర్ణత దోషం కాదు, దాచడమే దోషమని దీనివలన తేలుతున్నది.

కనుక ముగించడమంటే లోపం లేకుండ చేయడం కాదు, చేతినుండి విడువడం. జసీముద్దీన్ 1929లో ప్రకటించిన ‘నక్షీ కాంథార్ మాఠ్’ కావ్యంలో సాజు అనే స్త్రీ, దూరమైన భర్త రూపాయ్‌తో గడిపిన బ్రతుకునంతా ఒక బొంతపై కుట్టి, దానిని తన సమాధిపై పరచవలెనని తల్లిని కోరుతుంది. ఆ బొంత అక్కడ పరచిననాడే అది చేరవలసినవానికి చేరుతుంది. తల్లి పరచకపోతే, ఎంత చక్కగా కుట్టినదైనా ఆ బొంత ముగిసినట్లు కాదు.

బాంబూఫ్లాట్ ఇల్లాలి కన్ను ఇప్పుడు మందగించి ఉండవచ్చును. ఐనా ఆమె ధర్మం తప్పిపోలేదు. సూదిలో దారం కోడలు ఎక్కించవచ్చును, అంచు కూతురు కట్టవచ్చును. పరుల చేతులు పడిన పనిని మరొకరి చేతికి ఇవ్వడంలో అవమానం లేదు. చాలని ముక్క పక్కన మరో ముక్క వేసి, వంకర కుట్టును వంకరగానే ఉండనిచ్చి, వెనుక ఒక పాత పంచెను అస్తరుగా వేస్తే చాలును. మనుమడు పెద్దవాడైతే పొరుగింట మరొక పసిబిడ్డ ఉండనే ఉంటాడు. వానకాలపు రాత్రి చెమ్మనేలమీద ఆ బొంత పరచి బిడ్డను పడుకోబెట్టిననాడు, వెళ్లిపోయినవారికి ఇచ్చిన మాట చెల్లుతుంది.