తోలు వాషరు

యూరినల్ బిగించడంలో యూరినల్‌తో పెద్ద పనేమీ ఉండదు. గోడకు రెండు బ్రాకెట్లు, నాలుగు స్క్రూలు, అంచు నేల నుంచి రెండడుగుల పైచిలుకు ఎత్తు, పిల్లలకైతే ఇంకో అరడుగు కిందికి. తెల్లటి పింగాణీ కాబట్టి చూసేవాళ్ళ కళ్ళన్నీ దాని మీదే ఉంటాయి. అసలు పని దానికి పైనా కిందా ఉంటుంది. పైన నీళ్ళు వచ్చే దారి: గోడలో సీపీవీసీ లైను, దాని చివర ఇత్తడి థ్రెడ్డున్న ఎల్బో, నిపుల్, యాంగిల్ కాక్, ఫ్లష్ వాల్వు. కింద పోయే దారి: వేస్ట్ కప్లింగ్, రబ్బరు వాషరు, బాటిల్ ట్రాప్, అక్కణ్ణుంచి గోడలోకి వెళ్ళే పీవీసీ పైపు. నేను ఒంగోలు చుట్టుపక్కల ప్లంబింగ్ మేస్త్రీని. బడులకు బిగించాను, కళ్యాణ మండపాలకు బిగించాను, ఎక్కడా ఎవరూ కప్లింగ్ గురించి అడగలేదు. మా చర్చికి నాలుగు బిగించాల్సి వచ్చేసరికి మాత్రం ఈ కనెక్షన్ల దగ్గరే వేదాంతం మొదలైంది.

సామాను కొనుక్కొచ్చింది మా బాబాయి. రిటైరైన టీచరు, సంఘ పెద్ద. సంచిలోంచి నాలుగు బాటిల్ ట్రాప్‌లు తీసి బల్ల మీద పెట్టాడు. ఇత్తడివి, పైన తళతళలాడే క్రోమ్ పూత.

"వీటికి ఇత్తడి వద్దు బాబాయ్, పీవీసీవి తెస్తాను" అన్నాను.

"దేవుని మందిరానికి ప్లాస్టిక్కా? మోషే చేత గంగాళం దేంతో చేయించాడ్రా దేవుడు? ఇత్తడితో కాదూ?"

నిర్గమకాండం 30వ అధ్యాయం. ఆయన చెప్పింది నిజమే. "అది యాజకులు కాళ్ళూ చేతులూ కడుక్కోడానికి బాబాయ్. ఇందులో పోసేది వేరు" అన్నాను. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు గానీ ఆయన నవ్వలేదు.

ఇత్తడికీ ఒంటేలుకీ పడదు. అప్పుడే పోసిన దానికి పెద్దగా వాసన ఉండదు. పైపులో, ట్రాపులో నిలవ ఉండేకొద్దీ సూక్ష్మజీవులు అందులోని యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. ముక్కు మండించే కంపు దానిదే. బాగా బిగుసుకుని ఉన్న ఇత్తడికి, తేమలో ఈ అమ్మోనియా తగిలితే సన్నటి పగుళ్ళు పుడతాయి. బ్రిటిషు సైన్యం మన దేశంలో ఇత్తడి తూటాలను గుర్రాల సాలల్లో దాచేదట. వానాకాలం దాటేసరికి తూటాల తొడుగులు వాటంతటవే పగిలేవి. కారణం గుర్రాల ఉచ్చలోంచి లేచే అమ్మోనియా అని 1921లో తేల్చారు. సామ్రాజ్యపు తూటాలనే పగలగొట్టినది మా బాబాయి ట్రాపును వదిలిపెడుతుందా? పైగా కారితే చాలు, కుర్రాళ్ళు పానా పెట్టి ఇంకో చుట్టు బిగిస్తారు. ఇత్తడి మీద ఆ బిగింపు ఎంత ఎక్కువైతే పగులు అంత త్వరగా వస్తుంది. ఇత్తడి తట్టుకున్నా పింగాణీ తట్టుకోదు. చేత్తో తిరిగినంత తిప్పి, ఆపైన పావు చుట్టు తిప్పి ఆపాలి. నీటిని ఆపేది మన బలం కాదు, మధ్యలో సమంగా కూర్చున్న రబ్బరు వాషరు.

పీవీసీకి ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, అసలు అభ్యంతరం అప్పుడు బయటపెట్టాడు. నేను గీసిన ప్లానులో యూరినల్స్ చర్చి వెనక గోడకు అవతలి వైపు వచ్చాయి. ఇవతల ప్రసంగ వేదిక. "ఇటు వాక్యం చదువుతుంటే అటు ఒంటికి పోతారా? మధ్యలో తొమ్మిదంగుళాల గోడ. అంతేనా?"

దీన్ని నవ్వి తోసెయ్యడానికి లేదు. పాస్టరు అయ్యగారిని అడిగాం. ఆయన మార్కు సువార్త 7వ అధ్యాయం తీశారు. చేతులు కడుక్కోకుండా తింటున్నారని పరిసయ్యులు శిష్యుల్ని తప్పు పట్టిన ఘట్టం. బయటి నుంచి లోపలికి పోయేది మనిషిని మైల చెయ్యదు, హృదయంలోంచి వచ్చేదే చేస్తుందని యేసు ప్రభువు చెప్పాడు గనక గోడకు ఏ మైలా అంటదని అయ్యగారి తీర్పు. ఎప్పటిలాగే మధ్యలో ఒక ముక్క వదిలేశారు. తిన్నది కడుపులోకి పోయి అక్కణ్ణుంచి దొడ్డికి పోతుందని కూడా ప్రభువు ఆ చోటే అంటాడు. వేదిక మీద ఆ ముక్క పలికిన బోధకుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ప్రభువు సిగ్గుపడని చోట మనకు సిగ్గెందుకో!

బాబాయి వదల్లేదు. ద్వితీయోపదేశకాండం 23 తీశాడు. దేవుడు ఇశ్రాయేలీయుల పాళెంలో నడుస్తుంటాడు, ఆయనకు అసహ్యమైనది కనబడకూడదు, అందుకే పాళెం బయటికి వెళ్ళాలి. ఒక గ్రంథం దీనివల్ల మైల లేదంటోంది. ఇంకోటి దేవుడు మొహం తిప్పుకుంటాడంటోంది. ఏది పట్టుకోవాలి?

నేను ఆ 23వ అధ్యాయాన్ని పనివాడి కళ్ళతో చదివాను. ఆయుధాలతో పాటు ప్రతివాడి దగ్గరా ఒక గసిక ఉండాలంటుంది. వెళ్ళినవాడే గుంట తవ్వాలి, వాడే కప్పాలి. పాళెంలో లక్షల జనం ఉన్నారని చెప్పే గ్రంథం, గోత్రాల వారీగా ఎవరి పని ఏదో లెక్క రాసిన గ్రంథం, ఈ పనికి మాత్రం ఏ గోత్రాన్నీ కేటాయించలేదు. లేవీయుడైనా యూదా గోత్రంవాడైనా గసిక మోయాల్సిందే. కప్పాల్సింది పెంటని. కప్పినవాడు మైలపడి పాళెం బయటే ఉండిపోవాలని అక్కడ లేదు. అలా చదివితే మార్కు సువార్తకీ దీనికీ పేచీ కనబడదు. మురికి ఉంది, దాన్ని కంటికీ ముక్కుకీ దూరంగా పెట్టాలి. అది మనిషికి మాత్రం అంటదు.

ఇంత సులువైన సంగతి నాకు బైబిలు చదివితే తెలియలేదు. మా నాన్న పని చూశాక తెలిసింది.

1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషనరీ క్లౌ దొరగారి కాలం. అందులో మా పెద్దలున్నారని ఇంట్లో చెప్పుకుంటారు. మాదిగలం. మా తాత తంగేడు చెక్కతో తోళ్ళు ఊనేవాడు, చెప్పులూ మోట తొండాలూ కుట్టేవాడు. మోటలు పోయి మోటార్లు వచ్చాక మా నాన్న బోరింగుల రిపేరు నేర్చుకున్నాడు. 1970ల చివర ఊరూరా దిగిన ఇండియా మార్క్-2 పంపులు అవి. దాని గుట్టు ఏమిటంటే, లోపల సిలిండరులో పైకీ కిందికీ ఆడే పిస్టను చుట్టూ ఒక వాషరు ఉంటుంది, గిన్నె ఆకారంలో. మొదట్లో అది తోలుది. తోలు నీళ్ళలో ఉబ్బి సిలిండరు గోడకు ఒత్తుకుంటేనే నీళ్ళు పైకి లేస్తాయి. అరిగిందా, ఎంత కొట్టినా గాలే.

ఊళ్ళో బోరింగు చెడితే నాన్నకు కబురు వచ్చేది. పైపులన్నీ పైకి లాగి, పాత తోలు తీసి, కొత్తది ఎక్కించి, మళ్ళీ దింపి, నీళ్ళు తెప్పించేవాడు. నీళ్ళు రాగానే నాన్న పక్కకు జరగాలి. ఎవరో ఒకామె చెంబుతో వచ్చి, ఆయన పట్టుకున్న పిడి మీద నీళ్ళు పోసి కడిగేది. ఆ నీళ్ళు నాన్న ఎక్కించిన తోలును రాసుకుంటూ పైకొచ్చినవే. అవే నీళ్ళతో వంట, అవే నీళ్ళతో దేవుడి గదిలో అభిషేకం. పైపు లోపలున్న చచ్చిన గొడ్డు తోలు ఎవరికీ మైల కాలేదు. దాన్ని అక్కడ పెట్టిన చెయ్యి మాత్రం మైల. పిడి కడిగినామె చెడ్డదేం కాదు, నాకు బెల్లం ముక్క పెట్టేది, పైనుంచి చేతిలో వేసేది.

తర్వాత తోలు పోయి రబ్బరు వాషర్లు వచ్చాయి. పిడి కడగడం మాత్రం ఇంకొన్నేళ్ళు సాగింది. అప్పటికి తోలు వంక కూడా లేదు.

అందుకే మైల వస్తువులో ఉందా, మనసులో ఉందా అని పెద్దలు చర్చిస్తుంటే నాకు అంత తృప్తిగా ఉండదు. రెండు చోట్లా కాకుండా మూడో చోట ఉండటం నేను చూశాను. ఎవరి పని లేకుండా రోజు గడవదో వాళ్ళ మీద దాన్ని మోపడంలో ఉంది. వస్తువుకు మైల లేదని ఆ ఊరికి తెలుసు. తెలుసు కాబట్టే ఆ నీళ్ళు తాగింది.

గోడ పంచాయితీ దానంతటదే తీరింది. యూరినల్స్ ప్రహరీ గోడకు పెట్టాం. భక్తితో కాదు, సెప్టిక్ ట్యాంకు అటే ఉంది, పైపుకు వాలు కలిసొచ్చింది. బాబాయి మాత్రం అది తన గెలుపేనని చెప్పుకుంటాడు. చెప్పుకోనీ.

బిగించాక వచ్చిన చిక్కు వేరు. బాటిల్ ట్రాప్ అడుగున కాసిని నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండాలి. ట్యాంకు కంపును పైకి రానియ్యకుండా అడ్డుకునేది ఆ నీళ్ళే. చర్చికి జనం వచ్చేది ఆదివారం, ఆపైన శుక్రవారం ఉపవాస ప్రార్థనకు కొందరు. మా ఎండల్లో ట్రాపులో నీళ్ళు ఇగిరిపోతే, ఎంత మంచి కనెక్షన్ ఇచ్చినా కంపు లోపలికి వచ్చేస్తుంది. అంటే వారం మధ్యలో ఎవరో ఒకరు వెళ్ళి ఒక్కోదాంట్లో చెంబెడు నీళ్ళు పొయ్యాలి, పనిలో పనిగా కడగాలి. పట్టించుకోకపోతే ఉప్పు పేరుకుని పైపు సన్నబడుతుంది కూడా.

ఎవరు? కమిటీలో ఒకాయన నెలకింతని ఇచ్చి మనిషిని పెడదామన్నాడు. ఎవర్ని పెడతారో అందరికీ తెలుసు. మా పల్లె చివర రెల్లి వాళ్ళ ఇళ్ళున్నాయి. నేను వంతులు వేద్దామన్నాను, ఇంటికొకటి. గసిక వచనం కూడా గుర్తు చేశాను.

బాబాయి లేచాడు. ఈసారి వచనం తియ్యలేదు. "ఈ చీపురు నించీ ఈ తోలు నించీ బయటపడ్డానికి మనకు నాలుగు తరాలు పట్టిందిరా. నా కొడుకు బ్యాంకులో ఆఫీసరు. వాడి చేతికి మళ్ళీ ఇదిస్తావా? వేరే కులపోళ్ళు చేస్తే సేవంటారు. మనం చేస్తే, చూశావా వీళ్ళ పనే ఇది అంటారు."

సభ నిశ్శబ్దమైపోయింది. ఆయన మాటలో అబద్ధం లేదు. వినయం అనేది అణచివేతకు గురికాని వాళ్ళకు అలంకారం, గురైన వాళ్ళకు పాత గాయం. అయినా ఆయన దారిన పోతే, మన మీద నుంచి దిగిన బరువు ఇంకొకడి నెత్తిన పెట్టి దాన్నే విడుదల అనుకోవాలి. పిడి మీద నీళ్ళు పోసే చెంబు ఇప్పుడు మన చేతికి వచ్చిందంతే అవుతుంది. అదే చెప్పాను. ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

అప్పుడు వెనక చాపల మీద నుంచి మా ఆవిడ అడిగింది: "ఇంటికొక వంతంటే మా ఆడోళ్ళ చేతికేగా వచ్చేది? మాకు ఏం కట్టారని మేం కడగాలి?" సంఘంలో సగానికి పైగా ఆడవాళ్ళే. మగాళ్ళకు నాలుగు యూరినల్స్ బిగించి, వాళ్ళను మాత్రం ఇంటికి పోయేదాకా ఆపుకోమన్నాం. ఇందాక మేం తిరగేసిన అధ్యాయాల్లో ఈ ప్రశ్న మాకెవరికీ కనబడలేదు.

జాబితాలో మగాళ్ళ పేర్లే రాశాం. మొదటిది అయ్యగారిది, ఆయనే రాయించుకున్నారు. రెండోది నాది. బాబాయి తన పేరు రాయనివ్వలేదు. రెండు వారాల తర్వాత, సెలవుకు ఊరొచ్చిన కొడుకు పేరు రాసుకోమన్నాడు, ఆ ఒక్క వారానికే. ఆడవాళ్ళ వైపు గదులకు అంచనా నేను వేసిచ్చాను: నాలుగంగుళాల పైపు, రెండు ఛాంబర్లు, చెయ్యి కడుక్కునే బేసిన్లకు పీవీసీ ట్రాపులు. బేసిన్లకైతే ఇత్తడివి పెట్టొచ్చని ఒక గీత కింద రాశాను. బాబాయి తెచ్చినవి నాలుగూ ఇంకా సంచిలోనే ఉన్నాయి కదా.