నానక్‌రామ్‌గూడలో డేగ

ధ్యానభాగము: యోబు 39:26–30, ద్వితీయోపదేశకాండము 22:6, 7



మన గ్రామములలో డేగను ప్రేమించువారు అరుదు. ఆకాశమున దాని నీడ కదలగానే తల్లికోడి పిల్లలను రెక్కల క్రిందికి పిలుచును. ఇల్లాలు చేట పట్టుకొని వాకిటిలోనికి పరుగెత్తును. మోషే ధర్మశాస్త్రము కూడ గద్దను, డేగను తినకూడని పక్షులలో చేర్చెను (లేవీయ 11:13–16). అట్లుండగా దేవుడు సుడిగాలిలోనుండి యోబుతో మాటలాడినప్పుడు, గొఱ్ఱెపిల్లను గాని పావురమును గాని పేర్కొనక, ఈ డేగను చూపి ప్రశ్నించెను. పక్షిరాజు పిల్లలు రక్తము త్రాగునన్న సంగతి కూడ ఆయన దాచలేదు. మన బల్లమీదికి రాకూడని పక్షి దేవుని బల్లయొద్దనుండి త్రోసివేయబడలేదు. కోడిపిల్లను పోగొట్టుకొనినవారికి ఈ మాట కష్టముగానే యుండును.

హైదరాబాదునకు పడమటి దిక్కున నానక్‌రామ్‌గూడ కలదు. మన పల్లెల యౌవనస్థులు కొందరు అక్కడి కార్యాలయములలో ఉద్యోగములకును, మరికొందరు కట్టడపు పనికిని, కావలి పనికిని పోవుచున్నారు. పొలములును రాళ్లగుట్టలును ఉన్నచోట ఇప్పుడు అద్దాల మేడలు లేచినవి. ప్రక్కనున్న ఖాజాగూడలో ఆ గుట్టలు కొన్ని ఇంకను మిగిలియున్నవి. ఆ రాతి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనుష్యుడు కొండను పగులగొట్టి కొండంత మేడ కట్టుకొనెను. అట్టి చోట డేగకు పని యేమియని అడుగుదురేమో. పని కలదు.

జాలెడేగ యనునది పావురమంత పక్షి. వీపు బూడిదరంగు, రొమ్మున ఇటుకరంగు చారలు, కన్నులు ఎఱ్ఱనివి. తొండ, ఎలుక, ఉడుత, మిడత, చిన్న పిట్ట దాని ఆహారము. వేపచెట్టో మామిడిచెట్టో ఉన్నచో పట్టణమైనను అది కాపురముండును. దానిని ఫోటో తీయగోరువారు ముందుగా చెవులతో వెదకవలెను. ఉడుతలు ఆగకుండ కీచుమని అరచి, గోరింకలు ఒక్కపెట్టున గోల చేసినచో, ఆ చెట్టు ఆకులలో అది కదలక కూర్చుండియుండును. ఇక ఓపికయే కావలెను. దూరమును దగ్గర చేయు పెద్ద కటకము కెమెరాకు తగిలించుకొని, ఉదయపు వెలుగులో చాల సేపు మాటలేక నిలువవలెను. డేగ కొరకు రెండు గంటలు నిలువగల కుమారుడు, ఊరిలోని తల్లి ఫోను చేసినప్పుడు రెండు నిమిషములు నిలువలేడా?

1931–32లో సాలిం అలీ గారు నిజాం రాజ్యమంతట పక్షులను పరిశీలించిరి. ఆ దినములలో పక్షిని తుపాకితో కొట్టి నమూనాగా భద్రపరచుట శాస్త్రజ్ఞుల పద్ధతి. నేడు కెమెరా చాలును. నా దృష్టికి ఇది మేలైన మార్పు.

యోబును దేవుడు అడిగినది డేగ దక్షిణమునకు పోవు ప్రయాణమును గూర్చియే. ప్రతి శీతకాలమున ఉత్తరపు చలిదేశములనుండి వేటపక్షులు మన దక్కను పీఠభూమికి వచ్చును. వాటిలో ఒకటియైన పెరిగ్రిన్ డేగ, ఎరమీదికి దూకునప్పుడు గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగముతో దిగును. లోకములోని అనేక మహానగరములలో అది ఎత్తైన మేడలను కొండ చరియలుగా భావించి వాలుచున్నది. దానికి త్రోవ చూపినవాడు ఎవడు? యోబు నోటిమీద చేయి వేసికొనెను.

పక్షికి హాని చేయుటకు తుపాకి అవసరము లేదు. పశువుల నొప్పికి ఇచ్చిన డైక్లోఫినాక్ అను మందు, చచ్చిన పశువుల మాంసము ద్వారా రాబందుల మూత్రపిండములను పాడుచేసెను. 1992 మొదలు 2007 లోపల మన దేశములోని తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా నశించెను. పశువులకు ఆ మందు వాడుటను ప్రభుత్వము 2006లో నిషేధించినది. ఎలుకలకు మందు పెట్టువారు కూడ ఆలోచింపవలెను. ఆ ఎలుకను తినునది గుడ్లగూబయో గద్దయో కావచ్చును.

ఇక గూటి సంగతి. పిల్లలతోగాని గ్రుడ్లతోగాని ఉన్న తల్లిపక్షిని పట్టుకొనవద్దని ద్వితీయోపదేశకాండము ఆజ్ఞాపించి, అట్లు చేయువానికి మేలును దీర్ఘాయువును వాగ్దానము చేయుచున్నది. తలిదండ్రులను సన్మానించువానికి ఇచ్చిన వాగ్దానమును ఇదియే (5:16)! దేవుడు ఇశ్రాయేలును మోసిన విధమును మోషే పక్షిరాజుతో పోల్చెను (32:11); ప్రభువైన యేసు తన్ను తల్లికోడితో పోల్చుకొనెను (మత్తయి 23:37). వాకిటిలో ఒకదానికొకటి శత్రువులైన ఆ రెండు తల్లులును వాక్యములో ఒకే ప్రేమకు సాక్షులు.

ఎండకాలమున జాలెడేగ గూడు కట్టును. తల్లి గూటికి రాక దగ్గరి కొమ్మమీద నిలిచి అరచుచున్నచో, అది మనకు భయపడినదని తెలిసికొనవలెను. ఆలస్యమైనకొలది గ్రుడ్లు చల్లబడును, కాకులు పొంచియుండును. వివేకముగల ఫోటోకారుడు అప్పుడు కెమెరాను సంచిలో పెట్టుకొని, తల్లి మరల గూటిలో కూర్చుండువరకు దూరముగా వెళ్లి నిలుచును. ఆ దినమున అతనికి చిత్రము దొరకదు.