ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశం

తాగుడు మానాలనుకునేవారి సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రం, ఆక్రన్ నగరంలో మొదలైంది. స్టాక్ మార్కెట్ వ్యాపారి బిల్ విల్సన్, శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్ దాని వ్యవస్థాపకులు. ఇద్దరూ తాగుడుతో నలిగినవారే. సాటి బాధితుడితో మనసు విప్పి మాట్లాడితే ఆ పూటకు తాగకుండా గడపవచ్చని వారు గ్రహించారు. సంఘం పద్ధతంతా దానిమీదే నిలిచింది.

చేరడానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు. బహిరంగ సమావేశాలకు ఎవరైనా వెళ్లవచ్చు. మిగతావి తాగుడు సమస్య ఉన్నవారికే. మొదటి రోజు నోరు విప్పకుండా, విని వచ్చేసినా ఎవరూ తప్పుపట్టరు. తర్వాత, మానేసి కొంతకాలం గడిచిన సభ్యుడొకరిని స్పాన్సర్‌గా ఎంచుకుంటారు. తాగాలని మనసు లాగినప్పుడు, అర్ధరాత్రయినా సరే, ఆయనకు ఫోన్ చేయవచ్చు. అన్నిటికన్నా విలువైన సాయం బహుశా ఇదే: అవతలి మనిషి కూడా ఆ యాతన పడినవాడే.

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు. ప్రాణానికే ముప్పు కలగవచ్చు. అలాంటివారు ముందుగా వైద్యుణ్ణి కలిసి తీరాలి. కుటుంబసభ్యులకు అల్-అనాన్ అనే సంఘం వేరుగా ఉంది. భారతదేశంలో తాగుడు మాన్పించే దగ్గరి సహాయ కేంద్రం వివరాలు 14446కు ఉచితంగా ఫోన్ చేసి తెలుసుకోవచ్చు.