వామన వృక్షము

శ్రీవిష్ణుసహస్రనామ పారాయణము చేయు భక్తులకు న్యగ్రోధుడు, ఉదుంబరుడు, అశ్వత్థుడు అను మూడు నామములు వరుసగా వచ్చుట విదితమే. పూర్వాచార్యులు వీనికి భగవత్పరమైన వ్యుత్పత్తులను చెప్పియున్నారు. అయినను ఆ నామములు చెవిని పడగానే సామాన్యునకు మర్రి, మేడి, రావి చెట్లే కన్నులయెదుట నిలచును. ఈ మూడును ఒకే జాతికి చెందిన పాలచెట్లు. గీత పదవ అధ్యాయమున భగవానుడు వృక్షములలో అశ్వత్థము తానేయని సెలవిచ్చెను. కావుననే మన పెద్దలు ఈ చెట్లపై గొడ్డలి పెట్టుటకు జంకుదురు.

ఈ భక్తికి ఒక చిక్కు కలదు. జగ్గయ్యపేట, నందిగామల మెరక సీమ పూర్వపు కృష్ణాజిల్లాలోనిది. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఇచట కృష్ణాతీరమందలి వేదాద్రి క్షేత్రమున యోగానంద లక్ష్మీనరసింహస్వామి పంచనారసింహ రూపములతో వెలసియున్నాడు. ఈ సీమలోని పాత గుళ్ళ గోడలలో, మేడల పిట్టగోడలలో రావియో మర్రియో మొలచుట తరచు చూచుచున్నదే. పక్షులు పండ్లు తిని విడిచిన గింజ పగులులో పడి మొలచును. వేరు లోనికి దిగినచో రాయి, సున్నము విడిపోవును. మొక్కను ఉంచిన గోడకు చేటు. పెరికిన మనస్సునకు బాధ.

నందిగామలో ఒక గృహస్థు అట్టి మర్రిమొక్కను వేరు తెగకుండ తీసి, వామన వృక్షముగా పెంచదలచె ననుకొందము. జపానువారు బోన్సాయ్ అనునది ఇదియే. పళ్ళెములో నాటినది అని ఆ మాట కర్థము. చైనాలో పుట్టి జపానులో వృద్ధిపొందిన విద్య. అతని మేనమామ అది చూచి, “అల్లుడా! ఊడలు దిగి ఊరికి నీడ నీయవలసిన చెట్టును పళ్ళెములో బంధించుట పాపము కాదటోయి?” అని అడిగె ననుకొందము. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు.

కదిరి సమీపమందలి తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరముల నేలను కప్పి, 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఆ మానును, పళ్ళెములోని మర్రియు ఒకే తీరు గింజనుండి పుట్టినవే. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు కుమారుడగు శ్వేతకేతునిచే మర్రిపండును తెప్పించి, చీల్పించి, అందలి గింజను పగులగొట్టించెను. లోపల ఏమియు కనబడలేదని కుమారు డనగా, ఆ కనబడని సూక్ష్మమునుండియే ఇంతటి వృక్షము నిలచినదని తండ్రి బోధించెను. బలి యజ్ఞశాలకు వచ్చిన వామనుని కొలత ఎంత? తత్త్వ మెంత? కావున చెట్టు చిన్నదగుటలో దోషము లేదు. దానిని చిన్నదిగా ఉంచువాని మనస్సే విచారింపదగినది.

ఆ మనస్సు ఎట్లుండవలయునో ఈ విద్యయే నేర్పును. క్రొత్తవారు మొక్కను వెంటనే చిన్న పళ్ళెములో పెట్టుదురు. వేరునకు చోటు లేక మొక్క బ్రదుకునే గాని, ఏండ్లు గడచినను బోదె లావెక్కదు. బోదె లావు కావలెనన్న ముందు నేలలో నాటవలయును. మొక్క క్రింద ఒక పలకరాతిని ఉంచినచో వేళ్ళు నలుదెసల ప్రాకి మొదలు విశాలమగును. మూడు నాలుగేండ్లు స్వేచ్ఛగా పెరుగనీయవలయును. అడుగున ఒకటి రెండు కొమ్మలను కత్తిరింపక విడుతురు. అవి పొడవుగా సాగి, క్రింది బోదెను బలపరచి, పని తీరిన పిమ్మట తొలగింపబడును. తల్లిదండ్రుల కష్టమును ఇట్టిదే. కొమ్మ కనబడదు, దాని బలము బోదెలో నిలచును.

పిదప కోత. బోదెను పొట్టిగా ఖండింతురు. పాలు కారును. చూచువారు చెట్టు చచ్చినదందురు. కొన్ని వారములలో కోతకు దిగువ చిగురులు పుట్టును. వానిలో ఒకదానిని ఎన్నుకొని, మరల కొన్నేండ్లు పెంచి, మరల ఖండింతురు. ఇట్లు పది పదునైదేండ్లు జరిగిన పిమ్మట మొదలు లావై, కొన సన్ననై, మహావృక్షపు తీరు వచ్చును. బలము పుంజుకొనని మొక్కను మాత్రము కోయరాదు. పెరుగనిచ్చిన చేయియే కోయుచున్నదని తెలిసిన భక్తుడు తన కష్టకాలమున స్వామి నిగ్రహమునందును అనుగ్రహమునే చూచును.

బోదె సిద్ధమైన తరువాతనే పళ్ళెము. దానికి నల్లరేగడి ఒక్కటే పనికిరాదు. తడిసిన నీరు విడువదు, ఎండిన బీటలువారును. ముతక ఇసుక, ఇటుక ముక్కలు, బాగుగా చివికిన పశువుల ఎరువు కలుపవలయును. పళ్ళెము అడుగున రంధ్రముండవలయును. రెండు మూడేండ్లకొకసారి తొలకరి వేళ వేళ్ళు కత్తిరించి మన్ను మార్చవలయును. కొమ్మ వంచుటకు చుట్టిన తీగను బెరడులో దిగకమునుపే విప్పవలయును.

ఇక మేనమామ ప్రశ్నకు సమాధానము. నేలలోని మర్రి తన నీటిని తానే వెదకికొనును. పళ్ళెములోని మర్రికి ఆ దారి లేదు. ఎండ 45 డిగ్రీలకు చేరు దినములలో ఒకపూట నీరు మరచిన వాడును. మరికొంత మరచిన ఎండును. తన భారమునంతయు యజమానిపై నుంచినది. ప్రపన్నుని స్థితియు నిదియే కదా! ప్రపన్నుని స్వామి యెన్నడును మరువడు. మరచునది మానవుడు. వేడుకకై తెచ్చి, తీర్థయాత్రకు పోవుచు ఎవరికిని అప్పగింపక విడిచిపోవువానికి అది పాపమే. గోడలో నశింపవలసిన ప్రాణమునకు చోటిచ్చి, నిత్యము తిరువారాధనమువలె మరువక చెంబెడు నీరు పోయువానికి అది కైంకర్యమే.

జపానులో 1625 నుండి పెంచబడిన ఒక తెల్ల పైన్ వామన వృక్షము యమాకి వంశమువారి యొద్ద నుండెను. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు పడిన నాడు అది ఆ నగరముననే యుండియు బ్రదికినది. 1976లో బాంబు వేసిన దేశమునకే కానుకగా చేరి, నేటికిని వాషింగ్టనులో పచ్చగా నున్నది. నాటినవారు పోయిరి. ఒక తరము మరియొక తరమునకు నీటిచెంబు నందించుటచే చెట్టు నిలచినది. మన సహస్రనామ పారాయణమును ఇట్లే కదా మన దాక వచ్చినది!

కావున ఆ మేనమామ అడుగవలసిన ప్రశ్న ఇంకొకటి కలదు: “అల్లుడా! నీ తరువాత దీనికి నీరు పోయువా డెవడు?” అందులకు బదులుగా తన బిడ్డచేత చెంబు పట్టించిన గృహస్థు ఇంట ఆ మర్రి నిశ్చింతగా నుండును. అట్టి మరపులేని మనస్సును వేదాద్రి నారసింహుడు భక్తుల కెల్లరకు ప్రసాదించుగాక!