పిల్లల పండగ బొమ్మలు

దసరా సెలవులకు ముందు మన ప్రాథమిక పాఠశాలల్లో బతుకమ్మ పేరుస్తారు. సంక్రాంతికి ముగ్గులు వేయిస్తారు. ఆగస్టు 15కి రంగు కాగితాల తోరణాలు కట్టిస్తారు. పిల్లల చేత పండగ బొమ్మలు గీయించి గోడలకు అంటిస్తారు. ఇది మంచి అలవాటే. ఎక్కాలతో, చూచిరాతతో గడిచే తరగతి గదిలోకి ఆ నాలుగు రోజులైనా రంగులు వస్తాయి. అయితే యీ మంచి అలవాటులో ఒక నైతిక ప్రశ్న దాగి వుంది. దాన్ని మనం తగినంత పట్టించుకున్నట్టు కనబడదు. నీ ఆనందాన్ని బొమ్మ గీసి చూపించు అని పసివాణ్ణి ఆజ్ఞాపించే హక్కు బడికి వుందా?

యీ ప్రశ్నను గాలిలో పెట్టి చర్చిస్తే లాభం లేదు. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా వున్న కార్మికవాడల్లో పెట్టి చూద్దాం. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం 1960ల్లో వెలిసింది. ఆ తరవాతి దశాబ్దాల్లో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలలో పారిశ్రామికవాడలు లేచాయి. పంటలు పండిన నేలల మీద మందుల కర్మాగారాలూ, రసాయనాల కర్మాగారాలూ నిలిచాయి. ఇవ్వాళ ఆ ప్రాంతపు సర్కారు బడిలో, భూమి పోయి కంపెనీ గేటు దగ్గర కాపలా కాసే రైతు మనవడూ, శ్రీకాకుళం నుంచి వచ్చిన తాపీపనివాడి కూతురూ, బీహారు నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కాంట్రాక్టు కార్మికుల పిల్లలూ ఒకే బల్ల మీద కూచుంటారు. వీళ్లందరికీ ఒకే పండగా ఒకే బొమ్మా నిర్ణయిస్తే ఏమవుతుంది?

అది తేల్చే ముందు పండగంటే ఏమిటో తేల్చుకోవాలి. పండగ ఆకాశం నుంచి వూడిపడలేదు. శ్రమ చేసే మనుషులు తమ శ్రమ ఫలితాన్ని కళ్లారా చూసుకుని, పదిమందితో కలిసి సంతోషించటానికి కల్పించుకున్న విరామం అది. బతుకమ్మనే తీసుకోండి. తంగేడును ఎవరూ నాటరు, నీళ్లు పొయ్యరు. బీడు నేలల్లో దానంతటదే పూస్తుంది. గునుగు చేలల్లో మొలిచే కలుపు మొక్క. చేలో కలుపు తీసే చేతులే ఆ గునుగును కోసుకొచ్చి, రంగులద్ది, తాంబాళంలో ఆకులు పరిచి, అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా పూల వరసలు పేరుస్తాయి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఆడవాళ్లు దాని చుట్టూ తిరుగుతూ చప్పట్లతో పాడుతారు. ఆడినంతసేపూ ఆడి, చివరకు చెరువులో వదిలేస్తారు. ఆ కళాఖండాన్ని ఎవరూ అమ్మరు. దాచరు. రేపు మళ్లీ చెయ్యగలమనే ధీమా వున్నవాళ్లే అట్లా వదిలెయ్యగలరు.

దీన్ని ఆకాశానికి ఎత్తనక్కర్లేదు. ఎన్నో గ్రామాల్లో వూరి బతుకమ్మకూ వాడ బతుకమ్మకూ మధ్య కులం గీత గీసింది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండగ అయింది గాని, ప్రభుత్వ ఉత్తర్వుతో ఆ గీత చెరగదు. అయినా దాంట్లోని శ్రమా, కళా, సామూహికతా ప్రజలవి.

ఇంత బతికివున్న విషయం తరగతి గదిలోకి వచ్చేసరికి ఏమవుతోంది? టీచరు నల్లబల్ల మీద ఒక బతుకమ్మ గీస్తుంది. నలభైమంది పిల్లలు దాన్ని చూసి గీస్తారు. లేదా దుకాణంలో అమ్మే అచ్చుబొమ్మ తెచ్చి రంగు నింపుతారు. చార్టూ, స్కెచ్ పెన్నులూ, చమ్కీలూ, థర్మాకోల్ ముక్కా కొనుక్కురమ్మంటారు. కొనగలిగినవాడి బొమ్మ మెరుస్తుంది. అమ్మో అక్కో ఇంట్లో చేసిపెట్టిన బొమ్మకు మొదటి బహుమతి వస్తుంది. కొనలేని పిల్ల ఆ రోజు బడికే రాదు, లేదా వచ్చి వెనక బల్లలో తల వంచుకు కూచుంటుంది. కలిసి సంతోషించటానికి పుట్టిన పండగ, ఒకణ్ణి పైన నిలబెట్టి మిగతావాళ్లను కింద నిలబెట్టే పోటీగా మారింది. పువ్వు కోసి పేర్చటం పోయి, సరుకు కొని అంటించటం మిగిలింది. దీన్ని సంస్కృతిని నేర్పటం అనటం కన్న, కొనుగోలుదారు అలవాట్లను నేర్పటం అనటం సబబు.

మరో సంగతి. బొమ్మలో గీయమన్న చెరువు ఏది? పటాన్‌చెరు పేరులోనే చెరువు వుంది. కాని యీ ప్రాంతపు చెరువులూ, నక్కవాగూ దశాబ్దాల తరబడి కర్మాగారాల విషజలాలను మోశాయి. పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు వుందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. రోగికి ఇచ్చే మందు నీటిలో పారటం చూసి ప్రపంచంలోని శాస్త్రజ్ఞులు నివ్వెరపోయారు. ఆ వాగు ఒడ్డున పెరిగిన పిల్లకు, చెరువు నీలంగా వుంటుంది గనక నీలం రంగే వెయ్యాలని చెప్పటం విద్య అవుతుందా? ఆ పిల్ల ఎరిగిన రంగు మరొకటి కావచ్చు గదా?

ఇక ఆ ఇళ్లలో పండగ సంగతి. వేతనంతో కూడిన పండగ సెలవు పారిశ్రామిక కార్మికుడి హక్కని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1974లో చట్టం వచ్చింది. ఆ హక్కు కాగితం మీద వుంది. కాంట్రాక్టు మేస్త్రీ కింద పనిచేసేవాడికి పని మానితే ఆ రోజు కూలి పోతుంది. కనక తండ్రి పండగ నాడు రాత్రి షిఫ్టుకు పోతాడు, తెల్లారి వచ్చి నిద్రపోతాడు. ఆ నిద్ర చెడకుండా పిల్లలు గుసగుసగా మాట్లాడుకుంటారు. ఆ ఇంటి పండగ అది. బీహారు కుటుంబానికి దీపావళి తరవాత ఆరో రోజున ఛఠ్ వస్తుంది. మునిగే సూర్యుడికీ లేచే సూర్యుడికీ నీళ్లలో నిలబడి మొక్కాలి. పశ్చిమ ఒడిశావాళ్లకు వినాయక చవితి మర్నాడు నువాఖాయి, అంటే కొత్త ధాన్యపు పండగ. ముసల్మాను పిల్లలకు రంజాను. తరగతి గోడ మీద ఇవేవీ వుండవు. అంతకన్న బరువైనది మరొకటి వుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కర్మాగారం పేలి నలభైమందికి పైగా కార్మికులు చనిపోయారు. అందులో పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఎందరో వున్నారు. ఆ సంవత్సరమూ దసరా వచ్చింది. ఆ వాడల పిల్లలున్న తరగతిలో నిలబడి, ఇంట్లోవాళ్లంతా నవ్వుతూ పండగ చేసుకుంటున్న బొమ్మ గీయండి అని చెప్పే ఉపాధ్యాయుడు క్రూరుడని నేననను. కాని ఆ మాట క్రూరమైనది.

దీనికి మూడు రకాల సమాధానాలు వినబడుతున్నాయి. మొదటిది సంప్రదాయవాదులది: మన పండగలు మన సంస్కృతి, వాటిని అందరూ నేర్చుకోవలసిందే. యీ వాదంలో "మన" అనే మాట ఎవర్ని కలుపుకుంటుంది, ఎవర్ని వదిలేస్తుంది అనేది వాళ్లు చెప్పరు. పక్కవాడి పండగ తెలుసుకోవటం మంచిదే. కాని పక్కవాడి పండగను తన ఆనందంగా చూపించమనటం నేర్పటం కాదు, లొంగదీయటం.

రెండో సమాధానం హేతువాదుల్లో కొందరిది: పండగలు భూస్వామ్య అవశేషాలు, బడిలోకి రానే కూడదు. మూఢనమ్మకాన్ని బడి పోషించకూడదనే వరకు నిజమే. కాని పండగను వెలివేస్తే పిల్లవాడి జీవితంలో ఆటా, పాటా, రంగూ వున్న భాగాన్నంతా వెలివేసినట్టే. ఆ ఖాళీని హేతువు వచ్చి నింపదు, వ్యాపార ప్రకటనలు వచ్చి నింపుతాయి.

మూడోది మనలో కొందరిది కనక ఎక్కువ జాగ్రత్తగా పరిశీలించాలి. కార్మికుల పిల్లలు పొగగొట్టాలను గీయాలి, మురికి వాగును గీయాలి, ఆకలిని గీయాలి, అదే వాస్తవికత అంటారు వీరు. ఎనిమిదేళ్ల పిల్ల మురికి వాగును గీస్తే అది గొప్ప బొమ్మ కావచ్చు. కాని గీసి తీరాలని మనం చెప్పిన మరుక్షణం, సంప్రదాయవాది నవ్వును ఆజ్ఞాపించినట్టే మనం ఏడుపును ఆజ్ఞాపించినవాళ్లం అవుతాం. ఆ పిల్లకు నెమలి గీయాలని వుండొచ్చు. తన ఇంటికి లేని డాబా గీయాలని వుండొచ్చు. బీదవాడి బిడ్డ బీదతనాన్నే వూహించాలనటం ఆ బిడ్డకు వూహలో కూడా కూలి గీటు గీయటమే. కార్మికవర్గం పోరాడింది దుఃఖాన్ని కాపాడుకోటానికి కాదు, ఆనందించే తీరిక కోసం కూడా.

మన ఉద్యమ చరిత్ర యీ మాట ఎరుగును. ఇంగ్లండులో వాల్టర్ క్రేన్ అని ఒక చిత్రకారుడు వుండేవాడు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి పేరు పొందినవాడు, సోషలిస్టు. 1895 మేడే కోసం ఆయన వేసిన బొమ్మలో ఆకలి కంకాళాలు లేవు. ఒక యువతి పెద్ద పూలమాల ఎత్తిపట్టుకుని వుంటుంది. ఆ మాలకు చుట్టిన పట్టీల మీద కార్మికుల కోర్కెలుంటాయి. పండగా, పోరాటమూ ఒకే మాలలో ఇమిడాయి. శాంతినికేతనంలో రవీంద్రుడు మరో దారి తొక్కాడు. 1928లో ఆయన మొక్కలు నాటే ఉత్సవాన్నీ, నాగలి దున్నే ఉత్సవాన్నీ ప్రారంభించాడు. ఆ హలకర్షణాన్ని నందలాల్ బోస్ శ్రీనికేతన్‌లో గోడ మీద చిత్రించాడు. అంటే బడి పాత పండగల్ని బొమ్మలు గీయించటమే గాక కొత్త పండగను పుట్టించగలదన్నమాట. ఇక మన పాత మెదక్ జిల్లాలోనే సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య వున్నాడు. బతుకమ్మనూ, బోనాలనూ, పల్లె జనాన్నీ చిత్రించి దేశమంతటా పేరు పొందిన ఆ మనిషి వృత్తి బడిలో డ్రాయింగు చెప్పటం. ఆయన బొమ్మల్లో పండగ ఎప్పుడూ ఒంటరిది కాదు. కష్టపడే దేహాలే అక్కడ పండగ చేసుకుంటాయి.

వీటి నుంచి మన ప్రాథమిక పాఠశాల నేర్చుకోవలసింది కొద్దిగానే వుంది, కాని అది ముఖ్యమైనది. ఫలానా పండగ బొమ్మ గీయండి అనటం మాని, మీ ఇంట్లో అందరూ కలిసేది ఎప్పుడు, ఆ రోజు ఎవరు ఏం పని చేస్తారు అని అడగాలి. అప్పుడు బతుకమ్మా వస్తుంది, ఛఠ్ కూడా వస్తుంది, జీతం రోజు నాన్న తెచ్చే మిరపకాయ బజ్జీల పొట్లమూ వస్తుంది. ఏమీ గీయను అనే పిల్లవాడి హక్కును గౌరవించాలి. ఖాళీ కాగితం కూడా ఒక జవాబే. చార్టు కొనుక్కురమ్మనటం మాని, పాత పత్రికలూ, ఇటుక పొడీ, బొగ్గూ, పసుపూ, ఆకులూ తరగతి అందరికీ ఉమ్మడి సరుకుగా పెట్టాలి. విడివిడి బొమ్మలకు బహుమతులు మాని, నలభైమందీ కలిసి ఒకే గోడ నింపాలి. దాంట్లో ఎవరి చెయ్యి ఎక్కడుందో ఎవరికీ తెలియకపోవటమే మంచిది. అన్నిటికన్న మించి, తరగతి తనకు తాను సంపాదించుకున్న సంబరాలు కొన్ని వుండాలి. అందరికీ చదవటం వచ్చిన రోజు, బడికి కొత్త నీటి కుళాయి వచ్చిన రోజు, ఒడియా పిల్ల మొదటిసారి తెలుగులో కథ చెప్పిన రోజు, తెలుగు పిల్లలు ఆమె దగ్గర ఒక ఒడియా పాట నేర్చుకున్న రోజు. ఇవి ఎవరి కులానికీ మతానికీ చెందని పండగలు. వీటిని పిల్లలు తమ శ్రమతో సృష్టించారు.

ఇద్దరు టీచర్లతో అయిదు తరగతులు నడిచే బడిలో ఇదంతా ఎట్లా సాధ్యం అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2009 నాటి విద్యాహక్కు చట్టం భయం లేని, చేసి నేర్చుకునే చదువు కావాలన్నది. దానికి తగ్గ టీచర్లను అడగటం మన ఉపాధ్యాయ సంఘాల పని. కాని పైన చెప్పినవాటిలో ఎక్కువ భాగానికి డబ్బు అక్కర్లేదు, ఎక్కువ టైమూ అక్కర్లేదు. పోటీ పెట్టటం కన్న పోటీ మానటం తేలిక.

ఇంకొందరు అడుగుతారు: బొమ్మలతో వాగు శుభ్రపడుతుందా, కాంట్రాక్టు కూలికి పండగ సెలవు వస్తుందా? రాదు. వాటికి యూనియన్లు కావాలి, చట్టాన్ని అమలు జరిపించే బలం కావాలి. కళ ఆ పని చేస్తుందనేవాడు కళనూ మోసం చేస్తున్నాడు, కార్మికుణ్ణీ మోసం చేస్తున్నాడు. కాని ఆ పోరాటం చెయ్యవలసిన మనిషి ఇవ్వాళ రెండో తరగతిలో వున్నాడు. ఆనందం కొంటే వచ్చేదనీ, పైవాళ్లు చెప్పినప్పుడు చూపించవలసిందనీ అతను నేర్చుకుంటాడా, లేక పదిమందితో కలిసి చేసుకునేదనీ, తనకూ దాంట్లో హక్కుందనీ నేర్చుకుంటాడా? నేర్పేది టీచరు గనక, యీ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది కూడా టీచరే. వచ్చే దసరా సెలవులకు ముందు మన పాఠకుల్లోని ఉపాధ్యాయులు తమ తరగతి గోడ వంక ఒకసారి చూసి, అక్కడ ఎవరి ఇంటి పండగ లేదో లెక్క వేసుకుంటే, పని మొదలైనట్టే.